కెమెరాతో వచ్చిన పుస్తకం, బజారులో కొన్న గైడు

(మన సంఘం మాసిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటి సమావేశంలో మన గ్రంథాలయం చూసే మిత్రులు ఒక ప్రశ్న లేవనెత్తారు. పిల్లలు అమెరికా నుంచో, ఆస్ట్రేలియా నుంచో తెచ్చి ఇచ్చిన డిజిటల్ కెమెరాలు మన సభ్యుల ఇళ్ళలో చాలానే ఉన్నాయి. ఆ కెమెరాల మీద బయటి రచయితలు రాసిన గైడు పుస్తకాలు తెప్పించమని ఇద్దరు ముగ్గురు అడుగుతున్నారట. అవేమో చవక కాదు. కెమెరాతోపాటు కంపెనీవాడే ఒక పుస్తకం ఇస్తున్నప్పుడు మళ్ళీ ఈ ఖర్చు దేనికని కోశాధికారిగారి అభ్యంతరం. ఈ రెండు రకాల పుస్తకాలతోనూ నేను కొంత కుస్తీ పట్టానని తెలిసి నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఫోటోగ్రాఫర్ని కాను. ముప్ఫై నాలుగేళ్ళు అకౌంట్సు సెక్షనులో కూర్చుని లేచినవాణ్ణి. కనుక నా మాటలను ఒక వాడకందారు మాటలుగానే తీసుకోవలసిందిగా మనవి.

మన చిన్నప్పుడు గైడు అంటే దొంగ సరుకు. టెక్స్టు పుస్తకం చదవనివాడు గైడు కొంటాడని మాస్టార్ల అభిప్రాయం. మా హైస్కూల్లో లెక్కల మాస్టారు ఎవరి సంచిలోనైనా గైడు కనిపిస్తే దాన్ని తీసి కిటికీలోంచి అవతలికి విసిరేవారు. నాకు ఆ భయం ఉద్యోగంలో చేరాక పోయింది. ఎందుకంటే అక్కడ చేరిన మొదటి వారంలోనే మా సూపరింటెండెంటుగారు నా చేతికి ఇచ్చింది గైడే. మనలో కేంద్ర సర్వీసు నుంచి వచ్చినవారికి స్వామీస్ పుస్తకాలంటే వివరించనక్కరలేదు. ముత్తుస్వామి, బృందా పేర్లతో మద్రాసు నుంచి వచ్చే ఆ పుస్తకాలు ప్రభుత్వం వేసినవి కావు, ప్రైవేటువి. అయినా సెలవు లెక్కలు కానివ్వండి, పెన్షను లెక్కలు కానివ్వండి, ముందు చెయ్యి వెళ్ళేది వాటి మీదికే. అసలు రూల్సు పుస్తకం ఉండగా అవి ఎందుకు అమ్ముడుపోయాయి? అసలు పుస్తకం రూలు చెబుతుంది. గైడు ఆ రూలు ఎవరికి, ఎప్పుడు, ఎట్లా వర్తిస్తుందో చెబుతుంది. అయితే ఆడిట్ అభ్యంతరం వస్తే మాత్రం గైడు చూపిస్తే చెల్లదు, అసలు ఉత్తర్వు చూపించాలి. కెమెరా పుస్తకాల విషయంలో కూడా నాకు బోధపడింది చాలావరకు ఇదే. కాకపోతే నేను దాన్ని సుఖంగా నేర్చుకోలేదు. ఆ సంగతికి వస్తాను.

ముందు కొంచెం పాత కథ. మనలో చాలామంది మొదట చేతపట్టింది బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ డబ్బా కెమెరా అయి ఉంటుంది. 120 ఫిల్ము వేస్తే చతురస్రంగా పన్నెండు బొమ్మలు వచ్చేవి. ఎండ బొమ్మ, మబ్బు బొమ్మ ఉండేవి, ఏది కావాలంటే అటు తిప్పుకోవడమే. దానికి గైడు ఎవరు రాస్తారు? రాస్తే రెండో పేజీకి అయిపోతుంది. ఫిల్ము చుట్టడం మరిచిపోయి ఒకదాని మీద ఇంకో బొమ్మ పడడమే అందులో పెద్ద ప్రమాదం. మా పెళ్ళి ఫోటోల్లో మా మావగారి భుజం మీంచి ఒక గేదె తొంగి చూస్తూ ఉంటుంది. అది ఆ కెమెరా చలవే.

కానీ ఖరీదైన కెమెరాలకు అప్పుడే గైడులు ఉన్నాయి. విల్లర్డ్ మోర్గన్, హెన్రీ లెస్టర్ అనే ఇద్దరు 1935లో న్యూయార్కులో ‘లైకా మాన్యువల్’ అని ఒక లావుపాటి పుస్తకం వేశారు. పేరు మాన్యువలే గాని అది కంపెనీవాడు డబ్బాలో పెట్టి ఇచ్చినది కాదు. కొన్ని దశాబ్దాలపాటు మళ్ళీ మళ్ళీ ముద్రణ పొందింది. లండనులో ఫోకల్ ప్రెస్ వారు ఒక్కో కెమెరాకు ఒక్కో పుస్తకం వేసేవారు. హెర్బర్ట్ కెప్లర్ పెంటాక్స్ కెమెరా మీద 1960లలో రాసిన పుస్తకం ఆ కోవలోదే. కాబట్టి బయటివాడు గైడు రాయడం డిజిటల్ కాలంలో పుట్టిన వేషం కాదు.

డిజిటల్ కెమెరాతో వచ్చిన మార్పు ఏమిటంటే, మీటలు పెట్టెలోపలికి పోయాయి. పాత కెమెరాలో ఉన్నవన్నీ కంటికి కనబడేవి, చేతికి తగిలేవి. కొత్తదాంట్లో వెనక ఉన్న చిన్న తెర మీద మెనూ, ఆ మెనూలో ఇంకో మెనూ. వంద సంగతులు అందులో దాక్కుని ఉంటాయి. 2003లో కెనాన్ వారి ఈఓఎస్ 300డి వెయ్యి డాలర్ల లోపు ధరకు వచ్చింది. ఆ మరుసటి సంవత్సరం నికాన్ డి70 వచ్చింది. అప్పటినుంచీ లెన్సు మార్చుకునే పెద్ద కెమెరాలు మామూలు గృహస్థుల చేతికి వచ్చేశాయి. వాటి వెంబడే గైడులూ వచ్చాయి. డేవిడ్ బుష్ అనే ఆయన నికాన్, కెనాన్, సోనీ మోడళ్ళకు ఒక్కోదానికి ఒక్కో పుస్తకం రాస్తూ పోయారు. డమ్మీస్ వరుసలో జూలీ అడేర్ కింగ్ అనే ఆవిడ రాశారు. థామ్ హోగన్ అనే ఆయన నికాన్ కెమెరాలకు రాసిన గైడులు కంపెనీ పుస్తకాల కంటే లావుగా ఉండేవి. డేవిడ్ పోగ్ 1999లో మొదలుపెట్టిన పుస్తకాల వరుస పేరే ‘మిస్సింగ్ మాన్యువల్’. అంటే డబ్బాలో ఉండవలసిన పుస్తకం లేదు, అది మేము ఇస్తున్నాం అని వాళ్ళ దెప్పు. దెప్పులో నిజం లేకపోలేదు. క్రమంగా కంపెనీలు డబ్బాలో పల్చని పుస్తకం పెట్టి, పూర్తి మాన్యువల్‌ను సీడీలోకి, ఆ తరువాత తమ వెబ్‌సైటులోకి మార్చేశాయి. కళ్ళద్దాలు పెట్టుకుని కాగితం మీద చదువుకుందామనుకునేవాడికి బజారు గైడే దిక్కయింది.

ఇక నా సంగతి. నేను 2010 జూన్‌లో రిటైరయ్యాను. ఆ డిసెంబరులో మా అబ్బాయి వచ్చినప్పుడు ఒక పెద్ద కెమెరా తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. కంపెనీ పేరు చెప్పను. తప్పు నాది కాబట్టి చెప్పడం ధర్మం కాదు. దానితో వచ్చిన పుస్తకం తెరిచాను. మొదటి పేజీల నిండా హెచ్చరికలే. కెమెరాలోంచి సూర్యుణ్ణి చూడవద్దు, బ్యాటరీ పసిపిల్లలకు అందనివ్వవద్దు, తడి చేతులతో ముట్టుకోవద్దు. తరువాత ప్రతి మీటకూ ఒక నంబరు, ఒక బాణం గుర్తు. ఇరవై పేజీలు చదివి పక్కన పెట్టాను. ఆటోలో పెట్టి నొక్కితే బొమ్మ వస్తూనే ఉంది కదా!

2011 ఫిబ్రవరిలో కోనసీమలో మా బావగారి సహస్ర చంద్ర దర్శనం జరిగింది. మా పెద్దక్కయ్యకు అప్పటికే ఒంట్లో బాగుండడం లేదు. అయినా ఆ రోజు పట్టుచీర కట్టుకుని, పీటల మీద బావగారి పక్కన నిటారుగా కూర్చుంది. నేను రెండు రోజులూ ఫోటోలు తీస్తూనే ఉన్నాను. తిరుగు ప్రయాణంలో బావగారి కోరిక మీద అమలాపురంలో స్టూడియోకు వెళ్ళి, పీటల మీది ఫోటో ఒకటి కార్డు సైజులో వేయించి ఇచ్చాను. ఇంటికి వచ్చి అన్నీ కంప్యూటరులో ‘ఫ్యామిలీ’ అని ఒక ఫోల్డరు చేసి అందులోకి ఎక్కించాను. కార్డు ఖాళీ చేయడానికి ఫార్మాట్ చేశాను. ఇంతవరకు అంతా పద్ధతిగానే ఉంది.

మే నెలలో మా మనవరాలి అన్నప్రాసన. మళ్ళీ ఫోటోలు తీశాను, మళ్ళీ అదే ఫోల్డరులోకి ఎక్కించబోయాను. కంప్యూటరు ఏదో అడిగింది. ఈ పేరుతో ఫైలు ఉంది, దాని స్థానంలో దీన్ని పెట్టమంటారా అని. నా ఫోటోలు నేను పెట్టుకుంటుంటే వీడి పర్మిషను ఏమిటని, అన్నింటికీ సరే అని నొక్కాను. అంతే. అక్కయ్య ఫోటోల మీద మనవరాలి ఫోటోలు కూర్చున్నాయి. నాకు ఆ సంగతి తెలియనే తెలియదు.

ఆగస్టులో అక్కయ్య పోయింది. నాలుగో రోజున మేనల్లుడు పక్కకు పిలిచి, “మావయ్యా, చంద్ర దర్శనం నాడు నువ్వు తీసినవాటిలో అమ్మ ఒక్కర్తే ఉన్నది ఏదైనా ఉంటే పంపుతావా? పటం కట్టించాలి” అన్నాడు. “బోలెడు ఉన్నాయిరా, ఇంటికి వెళ్ళగానే పంపిస్తా” అన్నాను. ఇంటికి వచ్చి కంప్యూటరు తెరిస్తే ఆ ఫోల్డరులో అంతా పాయసం మూతికి పూసుకున్న మనవరాలే. ఒక ఫైలు మీద మరో ఫైలు ఎక్కితే పాతది చెత్తబుట్టలోకి కూడా పోదట. కంప్యూటరు షాపు కుర్రాడు కార్డులోంచి తిరిగి రప్పించే ప్రయత్నం రెండు రోజులు చేశాడు. ఆ కార్డు మీద అప్పటికి ఎన్ని ఫోటోలు తీశానో నాకే లెక్క లేదు. చివరికి దొరికింది అమలాపురంలో వేయించిన ఆ ఒక్క కార్డు ముక్క. అందులో అక్కయ్య కెమెరా వైపు చూడడం లేదు, పక్కన ఎవరితోనో ఏదో అంటోంది. దాన్నే పెద్దది చేయించి పటం కట్టారు. మేనల్లుడు నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

కారణం ఏమిటో నాకు ఆ తరువాత గాని తెలియలేదు. నా కెమెరాలో ఫోటోలకు నంబర్లు వేసే పద్ధతి రెండు రకాలు. ఒకటి, ఎన్ని కార్డులు మార్చినా, ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా, మన క్యాష్ బుక్కులో ఓచరు నంబర్లలాగా వరుసగా పెరుగుతూ పోవడం. రెండోది, కార్డు ఖాళీ చేసిన ప్రతిసారీ మళ్ళీ 0001 నుంచి మొదలుకావడం. ఫ్యాక్టరీ నుంచి నా కెమెరా వచ్చింది రెండో పద్ధతిలో. అందుకే ఫిబ్రవరి ఫోటోలకూ మే ఫోటోలకూ ఒకే నంబర్లు, ఒకే పేర్లు పడ్డాయి. ఒకే నంబరుతో రెండు ఓచర్లు పుడితే ఏమవుతుందో అకౌంట్సువాడికి వేరే చెప్పాలా?

మరి మాన్యువల్‌లో ఈ సంగతి లేదా అంటే, ఉంది. బాగా లోపలి పేజీల్లో, మెనూ అంశాలన్నీ వరుసగా వివరించే చోట, తేదీ అమర్చడానికీ, బీప్ శబ్దం ఆపడానికీ పక్కనే, అవే అక్షరాల్లో, అదే గొంతుతో ఉంది. ఆఫ్‌లో ఉంటే నంబరు 0001కి తిరిగి వస్తుంది అని ఒక వాక్యం. అందులో అబద్ధం లేదు, లోపం లేదు. కానీ ఆ వాక్యం వల్ల ఒక ఇంట్లో ఒక పటం లేకుండా పోవచ్చునని ఆ వాక్యానికి తెలియదు. బీప్ శబ్దం ఆపకపోతే నష్టం ఏమీ లేదు. ఇది మార్చకపోతే ఉంది. మాన్యువల్ ఈ రెండింటికీ ఒకే ఎత్తు పీట వేస్తుంది.

మరో నెలకు మా అబ్బాయి ఆ మోడలుకే రాసిన ఒక గైడు పంపించాడు. మొదటి అధ్యాయంలోనే, మొదటి ఫోటో తీయకముందు మార్చుకోవలసినవి అని నాలుగైదు చెప్పాడు ఆ రచయిత. నంబర్ల సంగతి అందులో రెండోది. ఎందుకు మార్చాలో కూడా రాశాడు. తానూ మొదట్లో ఇట్లాగే కొన్ని ఫోటోలు పోగొట్టుకున్నానని ఒప్పుకున్నాడు. ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసేసి కాసేపు వరండాలో కూర్చున్నాను.

కనుక గైడు మాన్యువల్ కంటే మెరుగా అని ఎవరైనా అడిగితే నా జవాబు ఇది. కెమెరా గురించి మాన్యువల్‌కు తెలియనిది గైడుకు తెలిసింది చాలా తక్కువ. గైడుకు ఎక్కువ తెలిసేది మన గురించి. మనం ఎక్కడ పడతామో ముందుగా పడినవాడికి తెలుసు. ఆ తెలివి ఉన్న గైడుకు ఎంత పెట్టినా దండగ కాదు. అది లేని గైడు మాన్యువల్‌కు నకలు.

నకళ్ళు కూడా చూశాను, అదీ చెప్పాలి. ఆ గైడు రాకముందే హైదరాబాదు వెళ్ళినప్పుడు ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో మా కంపెనీ కెమెరా గైడు ఒకటి కనబడితే సంబరంగా కొన్నాను. తీరా చూస్తే అది నాదానికి ముందు మోడలుది. మీటలు ఒకచోట ఉంటే పుస్తకం ఇంకోచోట చూపిస్తుంది. అది పోనీయండి, నా కొనుగోలు పొరపాటు. అసలు బాధ ఏమిటంటే అందులో సగానికి పైగా మెనూ అంశాలను కంపెనీవాడి వరుసలోనే, కంపెనీవాడి మాటలనే కొద్దిగా అటూ ఇటూ తిప్పి రాశారు. మధ్యమధ్య రచయిత తీసిన సూర్యాస్తమయాలు. నంబర్ల విషయం అందులో కూడా ఉంది, మాన్యువల్‌లో లాగే బీప్ శబ్దం పక్కన! కొత్త మోడలు విడుదలైన కొద్ది నెలలకే గైడు బజారులో ఉండాలన్న తొందరలో కొన్ని ఇట్లా తయారవుతాయి. పాత మోడలు గైడులో పేర్లు మార్చి కొత్తదానికి తొడగడం కూడా నాకు కనబడింది. మన ఆఫీసులో పాత నోటు ఫైలులో తేదీ మార్చి పెట్టేవారు ఉండేవారు కదా, అది గుర్తొచ్చింది.

మంచి గైడు వల్ల నాకు కలిగిన రెండో లాభం చెబుతాను. హనుమకొండ వేయి స్తంభాల గుడి దగ్గర నల్లరాతి నంది ఉంది. నునుపుదేరి నిగనిగలాడే రాయి. నేను దగ్గరగా వెళ్ళి ఫోటో తీస్తే ఆ నంది బూడిద పూసినట్టు వచ్చింది. ఇంటికి వచ్చి మా ఆవిడ తెల్లచీర కట్టుకుని మల్లెపందిరి కింద నిలబడితే తీశాను. ఈసారి చీరా, మల్లెపూలూ మాసినట్టు వచ్చాయి. నల్లది తెల్లబడింది, తెల్లది నల్లబడింది. కెమెరా పాడైందనుకున్నాను.

పాడవలేదు. కెమెరాలో వెలుతురు కొలిచే సాధనం తన ఎదుట ఉన్నది నల్లదో తెల్లదో నిజంగా ఎరగదు. సుమారుగా మధ్యరకం బూడిద రంగు అనుకుని లెక్క కడుతుంది. తన మీద పడిన వెలుతురులో 18 శాతం తిప్పి పంపే బూడిద అని ఫోటోగ్రఫీ పుస్తకాల్లో దానికి లెక్క. ఫ్రేము నిండా నల్లరాయి ఉంటే దాన్ని బూడిద స్థాయికి లేపుతుంది. ఫ్రేము నిండా తెల్లచీర ఉంటే బూడిద స్థాయికి దించుతుంది. దానికి విరుగుడు కెమెరా మీదే ఉంది. ప్లస్, మైనస్ గుర్తులున్న చిన్న మీట. నల్లదానికి మైనస్ వైపు, తెల్లదానికి ప్లస్ వైపు ఒక మెట్టు తిప్పితే చాలావరకు సర్దుకుంటుంది. మాన్యువల్‌లో ఆ మీట గురించి ఉన్నది ఇంతే: ప్లస్ నొక్కితే ఫోటో ప్రకాశవంతం అవుతుంది, మైనస్ నొక్కితే చీకటి అవుతుంది. ఎప్పుడు నొక్కాలో నాకు తెలియదు, ఎందుకు నొక్కాలో అంతకంటే తెలియదు. గైడులో దానికి ఆరు పేజీలు ఉన్నాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ బూడిద లెక్క ఏ ఒక్క కెమెరాకూ సంబంధించింది కాదు. నాదానికీ వర్తిస్తుంది, మీదానికీ వర్తిస్తుంది, మీ జేబులో ఉన్న ఫోనుకూ కొంతవరకు వర్తిస్తుంది. అట్లాంటప్పుడు ఒక్కో మోడలుకు ఒక్కో గైడు ఎందుకు, వెలుతురు గురించి ఒక మంచి పుస్తకం ఉంటే చాలదా? నా అనుభవంలో చాలావరకు చాలు. బ్రయన్ పీటర్సన్ ‘అండర్‌స్టాండింగ్ ఎక్స్‌పోజర్’ అనే పుస్తకం మొదట 1990లో, ఫిల్ము కాలంలో వచ్చింది. తరువాత డిజిటల్‌కు తగినట్టు సవరించిన ముద్రణలు వచ్చాయి. కెమెరాలు ఎన్ని మారినా పుస్తకం నిలిచింది. మోడలు గైడు అట్లా నిలవదు. కెమెరా మూలపడితే దానితోపాటు మూలపడుతుంది. కెమెరా బతికుండగానే కంపెనీవాడు లోపలి ప్రోగ్రాము మారిస్తే, దాన్ని ఫర్మ్‌వేర్ అంటారు, గైడులో కొన్ని పేజీలు పాతబడతాయి. సవరణ ఉత్తర్వు వచ్చాక పాత కంపైలేషను ఎట్లాగో అట్లా.

మన మిత్రులొకరు, ఇన్‌స్ట్రుమెంట్ సెక్షనులో పనిచేసి రిటైరైనవారు, ఈ వాదనంతా విని నాతో తగువు పెట్టుకున్నారు. “నువ్వు ఇరవై పేజీలు చదివి మూసేసి, పుస్తకంలో లేదంటే ఎట్లాగయ్యా? చివరిదాకా చదివితే ఆ నంబరు వాక్యం నీకూ కనబడేది” అన్నారు. నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు. కనబడినా అర్థమయ్యేది కాదని అనుకుంటాను గాని, అది చదవనివాడు చెప్పుకునే సాకులాగే ఉంటుంది.

పైగా మాన్యువల్‌లో తప్ప మరోచోట సరిగా దొరకని సంగతులు కొన్ని ఉన్నాయి. మన వయసువారికి ముఖ్యమైనది ఒకటి చెబుతాను. కన్ను పెట్టి చూసే కిటికీ పక్కన చాలా పెద్ద కెమెరాల్లో ఒక బుల్లి చక్రం గాని, జారే మీట గాని ఉంటుంది. డయాప్టర్ సర్దుబాటు అంటారు. మన చూపుకు తగినట్టు ఆ కిటికీలోని అద్దాన్ని సర్దుకోవడానికి అది. అది సరిగా లేకపోతే లోపల అంతా మసకగా కనబడుతుంది. ఫోకస్ కావడం లేదనుకుంటాం. నేను ఆరు నెలలు అట్లాగే అనుకున్నాను. కంటి డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాను. మాన్యువల్‌లో మొదట్లోనే బొమ్మతో సహా ఉంది. నేను చూసిన రెండు గైడుల్లో ఒకదానిలో దాని ఊసే లేదు, రెండోదానిలో ఒక ముక్క ఉంది. గైడులు రాసేవారు కళ్ళు బాగున్నవారై ఉంటారు.

అట్లాగే ఏ కార్డు పనికొస్తుంది, ఏ పాత లెన్సు బిగించవచ్చు, ఏది బిగిస్తే ఫోకస్ మనమే చేతితో తిప్పుకోవాలి, తెర మీద ఫలానా అక్షరం మిణుకుమంటే అర్థమేమిటి, ఇవన్నీ కంపెనీవాడి పట్టికల్లోనే చూడాలి. అక్కడ గైడు చూపిస్తే చెల్లదు. చిన్న అక్షరాలు చదవలేమనే ఇబ్బంది కూడా ఇప్పుడు అంత లేదు. పెద్ద కంపెనీల మాన్యువల్స్ వాళ్ళ వెబ్‌సైటుల్లో ఉచితంగా దొరుకుతాయి. మనవడి చేత టాబ్లెటులోకి దింపించుకుంటే అక్షరం ఎంత కావాలంటే అంత పెద్దది చేసుకోవచ్చు, కావలసిన మాట కొట్టి వెతుక్కోవచ్చు. పుస్తకం పారేసుకున్నవారు కూడా బాధపడనక్కరలేదు.

కంపెనీలకూ ఈ లోటు తెలియకపోలేదు. 2009లో నికాన్ వారు డి3000 అనే మోడలులో ‘గైడ్’ అని ఒక మోడ్ పెట్టారు. దూరంగా ఉన్నదా, నిద్రపోతున్న ముఖమా, కదిలే వస్తువా అని కెమెరాయే అడిగి, తగిన అమరిక తానే చేస్తుంది. గైడు పుస్తకాన్నే కెమెరాలోకి దూర్చారన్నమాట. ఆలోచన మంచిదే. కానీ పీటల మీది దంపతుల మీద అక్షింతలు వేసే క్షణంలో కెమెరాతో ప్రశ్నోత్తరాలు ఎవరికి కుదురుతాయి?

ఇప్పుడు కాలం కూడా మారింది. 2010లో ప్రపంచం మొత్తం మీద కంపెనీలు 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు పంపిణీ చేశాయి. 2020 వచ్చేసరికి అది కోటి కూడా లేదు. మిగతా పని ఫోను లాగేసుకుంది. కెమెరాలు తగ్గితే వాటి మీద గైడులూ తగ్గుతాయి. మన ఇళ్ళల్లో ఉన్న ఏడెనిమిదేళ్ళ, పదేళ్ళ కిందటి మోడళ్ళకు కొత్త గైడులు ఇక ఎవరూ రాయరు. దొరికితే పాతవే దొరకాలి.

కోశాధికారిగారూ, ఇవన్నీ చూసి గ్రంథాలయానికి నా సిఫారసు ఇది. మోడలు వారీ గైడులు సంఘం డబ్బుతో కొనవద్దు. ఆ మోడలు ఉన్న సభ్యుడికి తప్ప అది ఎవరికీ అక్కరకు రాదు. కావలసినవారు సొంతంగా కొనుక్కోవచ్చు. కొనేముందు ఒక పని చేయండి. మిమ్మల్ని ఇప్పటికే ఏడిపించిన సంగతి ఒకటి మనసులో పెట్టుకుని, చివర ఉన్న పదసూచికలో అది వెతికి, ఆ పేజీ తీయండి. ఆ మీట ఏమి చేస్తుందో మాత్రమే రాసి ఉంటే పుస్తకం అక్కడే పెట్టేసి రండి. అది మీ మాన్యువల్‌లో ఉచితంగా ఉంది. ఎప్పుడు వాడాలో, వాడకపోతే ఏమి పోతుందో రాసి ఉంటే కొనండి. వెలుతురు గురించి, ఎక్స్‌పోజర్ గురించి సాధారణంగా చెప్పే మంచి పుస్తకం ఒకటి మాత్రం సంఘం కొనవచ్చునని నా అభిప్రాయం. దాన్ని అందరూ చదువుకోవచ్చు.

నా గైడు నేను గ్రంథాలయానికి ఇచ్చేస్తున్నాను. మొదటి అధ్యాయం అంచుల్లో పెన్సిలుతో నా రాతలు ఉంటాయి, క్షమించాలి. ఆ కెమెరా ఇంకా పనిచేస్తూనే ఉంది. కిందటి వారం చూస్తే నంబరు ఏడు వేలు దాటింది.

టీ వచ్చినట్టుంది. కెమెరాలు తెచ్చుకున్నవారు అటు కిటికీ పక్కకు రండి. ముందు కళ్ళ చక్రం సంగతి, తరువాత నంబర్ల సంగతి చూద్దాం. మాన్యువల్ ఇంట్లో మరిచిపోయినవారు కూడా రావచ్చు.